పడవ నీడలో చెప్పకూడని మాట

ముందు చప్పుడు వినిపించింది. టంగు, టంగు, టంగు. ఒకచోట మాత్రం టొప్పు. మళ్ళీ అక్కడే, ఈసారి మెల్లగా, టొప్పు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చి చౌల్దారీ ఊళ్లో బస్సు దిగి, పోకచెట్ల మధ్య ఎర్రమట్టి దారి ఎక్కుతున్నాను. అప్పుడే వాన వెలిసింది. ఆకుల మీంచి జారే చుక్కల మధ్య ఆ చప్పుడు తోవ చూపుతున్నట్టు దగ్గరవుతూ వచ్చింది. ఎవరో ఇనుముని ఏదో అడుగుతున్నారు. అది చెప్పేది వినడానికి ఆగుతున్నారు.

ఇంటి వెనక, వాననీళ్లు పట్టే పెద్ద ఇనప డ్రమ్ము పక్కనుంచి ఒక నెరిసిన తల పైకి లేచింది. చేతిలో అరచెయ్యంత సుత్తి. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకుని, మోచెయ్యి పట్టి ఇంటి ముందుకి నడిపించాడు. అరుగు దగ్గరికొచ్చాక గొంతు తగ్గించి భార్యకి చెప్పాడు, డ్రమ్ము అడుగు పలచబడిపోయిందని, వచ్చే వానలకి నిలవదని.

"దాని ముందు సెప్పకూడదంట మేస్టారూ," అంది కనకదుర్గ, నాకు కుర్చీ వేస్తూ. "డ్రమ్ము మనసు కష్టపెట్టుకుంటాదంట. నా వంకలు మాత్రం నా మొహం మీదే సెప్తాడు."

"నువ్వు మునిగిపోవు కదేటి," అన్నాడు పైడిబాబు.

అతను పోర్ట్ బ్లెయిర్ డాక్‌యార్డులో మిస్త్రీ. నౌకాదళం గస్తీ పడవని సముద్రంలోంచి తెచ్చి డ్రైడాకులో నిలబెట్టి, నీళ్లన్నీ తోడేశాక, దాని కడుపు కింద మొదట పాకేది అతనే. పైకి రంగు వేసుకుని మెరిసే రేకుని సుత్తితో తట్టి, మాట్లాడించి, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో వింటాడు. చాలా ఏళ్లుగా అదే పని. రిటైర్మెంటు దగ్గరపడింది.

మా తెలుగు సంఘం ఏటా వేసే సంచిక కోసం నేను అతని దగ్గరికి వెళ్లాను. నౌకాదళానికి పడవలు కట్టడంలో సర్కారు యార్డు మేలా, ప్రైవేటు కంపెనీ మేలా అన్నది నేను రాయాల్సిన విషయం. ధరలూ గడువులూ పేపర్లలో దొరుకుతాయి. రెండు రకాల పడవల కిందా వెల్లకిలా పడుకున్న మనిషి మాట పేపర్లలో దొరకదు.

అడిగితే అతను సుత్తి పిడిని బొటనవేలితో రుద్దుతూ మొదలుపెట్టాడు. సర్కారు యార్డు పడవ ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుందన్నాడు. ఒక్కోసారి ఏళ్లు ఆలస్యం. ఈలోగా అందులో పెట్టాల్సిన యంత్రం పాతదైపోతుంది. కానీ రేకు మందం దగ్గర పిసినారితనం ఉండదు. ప్రైవేటు కంపెనీ పడవ చెప్పిన నెలకి వచ్చేస్తుంది. రంగూ రూపూ చక్కగా ఉంటాయి, బరువు తక్కువ, పరుగెక్కువ. అవసరానికి మించి ఒక్క గుప్పెడు ఇనుము కూడా ఉండదు.

"ఏది మంచిదంటే నేనేటి సెప్పను? అతికే సెయ్యి రెండుచోట్లా మనలాంటోడిదే," అన్నాడు. "తప్పు బయటపడ్డాక ఏటి జరుగుద్దో, అక్కడుంది తేడా."

అంతకుమించి ఆ రోజు చెప్పలేదు. తేడా అంటే ఏమిటో తనకి అప్పటికి తెలియదని, తెలుసనుకున్నానని, తర్వాత తనే అన్నాడు.

పైడిబాబు తండ్రి అప్పయ్య భీమిలి వైపునుంచి వచ్చినవాడు. జంగ్లీఘాట్‌లో మనవాళ్ల వేట పడవలన్నీ ఆయన తట్టి చూసి సరే అన్నాకే నీళ్లలో దిగేవి. దీవుల్లో డోంగీ అంటారు వాటిని. ఆయనకో పద్ధతి ఉండేది. పడవలో తప్పు కనిపిస్తే దాని నీడలో నిలబడి చెప్పకూడదు. పడవ వింటుంది, బెదురుతుంది. బెదిరిన పడవ కెరటానికి ఎదురు నిలవదు. కొన్నవాడికీ ముందు చెప్పకూడదు. కట్టినవాణ్ణి ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, అతను చెయ్యి కడుక్కున్నాక, దూరంగా తీసుకెళ్లి అతనికొక్కడికే చెప్పాలి. ఆ ఇంటి అన్నం తిన్నవాడు తప్పు దిద్దకుండా ఉండలేడు.

కర్ర పడవలకి పుట్టిన ఈ పద్ధతిని కొడుకు ఇనప పడవలకీ తెచ్చాడు. కొత్త పడవ నౌకాదళం చేతికి వచ్చాక కొంతకాలం కట్టినవాళ్ల గ్యారంటీ ఉంటుంది. ఆలోపు బయటపడిన లోపాన్ని వాళ్లే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. అందుకోసం వాళ్ల మనిషి ఒకడు ఇక్కడికొచ్చి ఉంటాడు. అలా ఒకప్పుడు ఒక సర్కారు యార్డు తరఫున కన్నారావు అనే ఫోర్‌మన్ వచ్చాడు. ఆ పడవలో రేకుని లోపలనుంచి పట్టి ఉంచే ఇనప పక్కటెముక ఒకటి సరిగా అతకలేదని సుత్తి చెప్పింది. పైడిబాబు ఆఫీసులో చెప్పలేదు. కన్నారావుని పిలిచి అన్నం పెట్టి చెప్పాడు. కన్నారావు తన యార్డుకి ఫోన్ చేశాడు. అక్కణ్ణుంచి మనుషులు రావడానికి ఒక వానాకాలం పట్టింది. వచ్చినవాళ్లు టీలు తాగుతూ, డిగ్లీపూర్ దాకా షికారు వెళ్లొచ్చి, మొత్తానికి చక్కగా అతికి వెళ్లారు.

"ఎవడు పాడుసేసేడని ఒక్కడంటే ఒక్కడు అడగనేదు," అని పైడిబాబు మురిసిపోతూ చెప్పాడు. "ఎవడి అన్నమూ పోనేదు."

కనకదుర్గ తలుపు దగ్గరనుంచి అందుకుంది. "మరి ఆ ఎనక పడవ?"

ఆమె చెప్పింది. ఎవర్నీ ఎవరూ అడక్కపోబట్టే, అదే యార్డునుంచి వచ్చిన తర్వాతి పడవలో అదే పక్కటెముక అలాగే ఊగుతూ వచ్చిందట. కన్నారావుకి మళ్ళీ భోజనం పెట్టాల్సి వచ్చిందట. "ఆయనకి నా సేపల పులుసు అలవాటైపోయింది," అంది.

నేను రెండోసారి వెళ్లింది ఒక ఆదివారం. ఆ రోజు ఇంటికి ఇంకో చుట్టం వచ్చాడు. యుగంధర్. పడమటి తీరంలో ఒక ప్రైవేటు కంపెనీ కట్టిన గస్తీ పడవ అప్పుడు డాకులో ఉంది. కంపెనీ తరఫున గ్యారంటీ చూసుకునే ఇంజనీరు అతను. పాతికేళ్లు దాటి ఉంటాయేమో. భీమిలి వాడని తెలిసి, తాతల పేర్లు తవ్వుకుంటూ వెళ్తే ఎక్కడో చుట్టరికం తగిలింది. అప్పటినుంచి పైడిబాబుని మావయ్యా అంటున్నాడు.

వంజరం చేప ముక్కలు అతని పళ్లెంలో పడుతూనే ఉన్నాయి. అతను మధ్యమధ్యలో ఎడమచేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు.

"అన్నం కూడా టైము కట్టుకుని తింటారా బాబూ మీ కంపెనీలో?" అంది కనకదుర్గ.

"ఇదే లేటండి అత్తా. అక్కడైతే ఈపాటికి ఇంకో పడవ సగం కట్టేసేవాళ్లం."

అందరం నవ్వాం. అతను తమ యార్డు గురించి చెప్పాడు. సముద్రం కనపడని పెద్ద షెడ్డు. పడవని ముక్కలుగా, తలకిందులుగా కడతారు, తర్వాత తిప్పి కలుపుతారు. వాన తడపదు, ఎండ కాల్చదు. ఈ పడవ వెనక భాగం అతుకులు స్వయంగా తనే దగ్గరుండి చూశాడట. తనది ఏడాదికోసారి రాసుకునే కాంట్రాక్టు ఉద్యోగమని, ఈ పడవ గ్యారంటీ ఏ పేచీ లేకుండా ముగిస్తే పర్మనెంటు చేస్తామన్నారని చెప్పాడు. చెబుతుంటే మొహం వెలిగింది.

"మా దగ్గర ప్రతి అతుక్కీ ఒక పేరుంటుంది మావయ్యా," అన్నాడు. "ఎవరు అతికారు, ఎవరు చూసి సరే అన్నారు, అన్నీ. అందుకే మావి తొందరగా వస్తాయి, బాగా వస్తాయి."

పైడిబాబు అతని పళ్లెంలో ఇంకో ముక్క వేశాడు. ఆ మాట తను అప్పుడు విన్నాడు కానీ, సుత్తితో విన్నట్టు వినలేదని తర్వాత ఎన్నిసార్లు అన్నాడో.

చెయ్యి కడుక్కున్నాక యుగంధర్‌ని పెరట్లోకి తీసుకెళ్లాడు. నేను పెరటి గుమ్మంలో, మాటలు వినపడేంత దూరంలో ఉన్నాను. పోకచెట్ల సన్నటి నీడలు ఇద్దరి వీపుల మీదా చారలు గీశాయి. చెప్పింది చిన్న మాటే. ప్రొపెల్లర్ ఇరుసుని మోసే ఇనప చెయ్యి పడవ అడుగుకి అతుక్కున్నచోట, వెంట్రుకంత పగులు ఉంది. ఇప్పుడేమీ కాదు. నడిసముద్రంలో, పెద్ద కెరటాల్లో, పడవ పూర్తి వేగంతో పోయేటప్పుడు తెరుచుకుంటుంది.

యుగంధర్ అడిగాడు. "ఆఫీసులో చెప్పారా?"

"మనలో మనకి ఆఫీసేటి బాబూ. నీ అతుకు, నువ్వు సూసుకో. నా పేరు మాత్రం తియ్యకు."

ఆ కుర్రాడు చెట్టు మొదలుని బూటుతో ఒకసారి తట్టాడు. "ఠీక్ హై మావయ్యా," అన్నాడు.

బస్సు దాకా నాతో నడిచాడు యుగంధర్. పైడిబాబు వాకిట్లో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, ఒక మంచిపని చేసినవాడి చెయ్యిలా తేలిగ్గా.

ఆ తర్వాత జరిగింది కొంత కనకదుర్గ చెప్పింది, కొంత అతనే చెప్పాడు.

యుగంధర్ ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి పగులు సంగతి చెప్పాడు. నౌకాదళం వాళ్లు ఫిర్యాదు చేశారా అని అడిగారు. లేదన్నాడు. మరి ఎవరు చూశారన్నారు. అన్నం పెట్టిన ఇంటి పేరు తియ్యనని మాట ఇచ్చాడు కదా, నేనే చూశానన్నాడు. ఆ అతుకు ఎవరు సరే అన్నారో వాళ్ల దగ్గర పేరు ఉండనే ఉంది. అదీ యుగంధర్ పేరే. అప్పుడు సరే అన్నవాడు ఇప్పుడు పగులంటున్నాడు, అంటే అప్పుడు కళ్లు మూసుకున్నాడన్నమాట, అన్నారు. తర్వాతి విమానంలో వెనక్కి పిలిపించారు. అతని చోటికి ఇంకొకడు వచ్చాడు. ఆ కొత్తవాడు డాకు గట్టుమీదే నిలబడి, కిందకి దిగకుండా, అంతా బాగుందన్నాడు.

గ్యారంటీ గడువు ముగింపుకొచ్చింది. పడవని నీళ్లలో దింపే రోజు పెట్టేశారు. దిగిందంటే, ఆ పగులు నౌకాదళం కుర్రాళ్లతో పాటు సముద్రంలోకి వెళ్తుంది. యుగంధర్ చూశానన్నది పిచ్చిమాటగా మిగిలిపోతుంది.

పైడిబాబు ఇంట్లో సుత్తి ముట్టుకోవడం మానేశాడు. కనకదుర్గ ఒక్కటే అడిగిందట. "కన్నారావుకి పెట్టిన అన్నమే కదా ఈ పిల్లాడికీ పెట్టేం. అక్కడ పనిసేసింది ఇక్కడెందుకు సెయ్యనేదు?"

అప్పుడు అర్థమైందట అతనికి. కన్నారావు యార్డులో తప్పుకి యజమాని ఉండడు. అందుకే దాన్ని ఎవరి చెవిలోనైనా మెల్లగా చెప్పొచ్చు. మెల్లగా దిద్దుకుంటారు, మళ్ళీ మెల్లగా అదే చేస్తారు. యుగంధర్ కంపెనీలో తప్పు పుట్టగానే దానికో మనిషి కావాలి. డాక్‌యార్డు తరఫున బాహాటంగా చెప్పి ఉంటే అది పడవ లోపమై ఉండేది. కంపెనీ దిద్దేది, అంతటితో పోయేది. చెవిలో చెప్పడంవల్ల అది ఆ చెవిగలవాడి లోపమైంది.

దింపే రోజు పొద్దున్న ఆఫీసరు డాకు అడుగుకి వచ్చాడు. పడవ కింద, దాని నీడలో, అందరూ నిలబడి ఉన్నారు. పక్కన కొత్త ఇంజనీరు. ఆఫీసరు ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు. "సబ్ ఠీక్ హై నా, పైడిబాబూ?"

అంతా బాగుందా అని. ఎన్నో పడవలకి జీ సాబ్ అన్న నోరు. పైడిబాబు తలెత్తి చూశాడు. రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. అరచెయ్యి చాచి రేకుమీద పెట్టాడు, పసిబిడ్డ చెవి మూసినట్టు. తండ్రి బతికుంటే ఆ చెయ్యి చూసి ఏమనేవాడో.

"నహీ సాబ్. క్రాక్ హై," అన్నాడు.

చోటు చూపించాడు. అక్కడి పెయింటు గీకేసి, పగుల్లోకి ఇంకే ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లారు. పొడిమీద వెంట్రుకంత ఎర్రగీత తేలింది. ఆఫీసరు గీతని చూసి, పైడిబాబుని చూసి, ఎప్పుడు చూశావన్నాడు.

"కబ్ దేఖా?"

ఇంతసేపూ సరిగ్గా నడిచినవాడు అక్కడ జారాడు. ముందే తెలుసంటే, ఎందుకు దాచావంటారు. విచారణ పెడతారు. రిటైరయ్యే ముందు పెన్షన్ ఆపుతారు. ఇవన్నీ ఆలోచించాననీ చెప్పలేను, ఏమీ ఆలోచించలేదనీ చెప్పలేను, అంటాడు.

"ఆజ్, సాబ్," అన్నాడు. ఇవాళే.

దింపడం ఆపేశారు. కంపెనీ వాళ్లు ఎంత తొందరగా వచ్చారంటే, సర్కారు యార్డైతే ఈలోగా టిక్కెట్లు కూడా కొనేది కాదట. మంచి చేతులు. పాత అతుకు కోసేసి, కొత్తది వేసి, ఫోటోలు తీసి వెళ్లారు. పైడిబాబు తట్టి చూశాడు. గంటలా పలికింది. పడవ నీళ్లలో దిగి, నీలంలో కలిసి, మాయాబందర్ వైపు గస్తీకి వెళ్లిపోయింది.

యుగంధర్‌కి మాత్రం కంపెనీనుంచి చివరి మాట వచ్చింది. డాక్‌యార్డుకి ఆ రోజే తెలిసింది, అంతకుముందే నీకు తెలుసంటే కట్టినప్పుడే చూసి ఉంటావు, కాబట్టి దాచింది నువ్వే. ఇక రానక్కర్లేదు.

నేను మూడోసారి వెళ్లినప్పుడు దారంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంటి వెనక ఇనప డ్రమ్ము లేదు. దాని చోట నీలం ప్లాస్టిక్ ట్యాంకు కూర్చుంది, తట్టినా ఏమీ చెప్పనిది. పైడిబాబు అరుగు చివర కూర్చుని వాన ఎటునుంచి వస్తుందో చూస్తున్నాడు. ఎదురుగా టీ చల్లారి పైన మీగడ కట్టింది.

యుగంధర్‌కి ఫోన్ చేశానన్నాడు. తిడతాడని చేశాడట. తిడితే కొంత బరువు దిగుతుందని. అతను తిట్టలేదు. పడవ దిగిందా మావయ్యా అని అడిగాడు. అత్త ఎలా ఉందన్నాడు. ఏవో రెండు యార్డులకి దరఖాస్తు పెట్టానని, పాత కంపెనీలో ఎందుకు మానేశావని అడుగుతున్నారని, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని మామూలు గొంతుతో అన్నాడు. పేరు చెప్పేస్తానని ఒక్కమాట కూడా అనలేదు.

"ఇప్పటికీ మాట నిలబెట్టుకుంటున్నాడు సూడండి," అంది కనకదుర్గ, నా వైపు చూడకుండా. "మన అన్నం తిన్న పాపానికి."

పైడిబాబు ఆఫీసరు గది దాకా వెళ్లి, తలుపు ముందు చెప్పులు సర్దుకుని, వెనక్కి వచ్చేస్తున్నాడట రోజూ. పద్ధతి ప్రకారం చెప్పడం వచ్చిన మనిషికి, పద్ధతి లేకుండా చెప్పడం చేతకావడంలేదు. అందులోనూ ఈ తప్పు పడవది కాదు. కట్టినవాడికి అన్నం పెట్టి చెప్పడానికి, తనని తనే పిలుచుకోవాలి.

వాన పోకచెట్ల మీదికి వచ్చేసింది. నేను లేవబోతుంటే అడిగాడు, మీ సంచిక డాక్‌యార్డులో ఎవరైనా చదువుతారా అని. చదువుతారన్నాను. తెలుగు వచ్చినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు, రానివాళ్లకి చదివి చెప్పేవాళ్లూ ఉన్నారు. సాబ్ దాకా పోతుందా అన్నాడు. పోకుండా ఉండదన్నాను. కావాలంటే పేరు మార్చి రాస్తానని కూడా అన్నాను.

కనకదుర్గ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆమె కళ్లు అతని మీదే ఉన్నాయి. పెన్షన్ గురించి ఆమె ఒక్కమాట అంటుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆమె చల్లారిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

అతను నాతో పాటు అరుగు దిగాడు. వానలోనే గేటు దాకా వచ్చాడు. గేటు గడియ తీసి, దాన్ని పట్టుకునే ఉండి అన్నాడు.

"పేరు మార్చకండి మేస్టారూ. ఆ రోజు కాదు, ముందే తెలుసునని రాయండి. పడవనేటీ అనకండి. నన్ననండి."